దఫ్తరు నుంచి ఆర్కైవ్స్ దాకా: తెలుగు నేల మీద ప్రభుత్వ దస్త్రాల భద్రత

ప్రభుత్వ కార్యాలయంలో ప్రతి కాగితమూ ఏదో ఒక పని కోసం పుడుతుంది. శిస్తు వసూలుకో, జీతం చెల్లింపుకో, సరిహద్దు తగాదా తీర్పుకో రాసిన ఆ కాగితంతో పని తీరాక చాలావాటి అవసరమూ తీరిపోతుంది. కొన్నిటి అవసరం మాత్రం తీరదు. వాటి మీద పౌరుల హక్కులు నిలిచి ఉంటాయి, ప్రభుత్వం ఇచ్చిన మాటలు ఉంటాయి, ఒక కాలపు జీవితం ఉంటుంది. అలాంటి దస్త్రాలను ఎంచి, వాటి వరుస చెడకుండా, కాగితం శిథిలం కాకుండా కాపాడి, అడిగినవారికి చూపించే సంస్థ ఆర్కైవ్స్. గ్రంథాలయంలో ఒక పుస్తకం పోతే మరో ప్రతి దొరకవచ్చు. ఆర్కైవ్స్‌లో ఉన్న కాగితం సాధారణంగా ఒక్కటే. అది పోతే అందులోని సంగతి లోకం నుంచే పోతుంది. అందుకే అక్కడి పద్ధతులు కఠినంగా ఉంటాయి.

తెలుగువారి ప్రభుత్వ దస్త్రాలు ఒకే దారిలో రాలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాల కాగితాలు మద్రాసు మీదుగా వచ్చాయి. తెలంగాణ కాగితాలు మొగలు, అసఫ్‌జాహీ దఫ్తర్ల నుంచి వచ్చాయి. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంతో నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు కలకత్తా మీదుగా ఢిల్లీ చేరాయి. ఈ మూడు దారులకూ ముందు ఊళ్లో కరణం ఇంటి అటక మీద ఉన్న కవిలె కట్ట ఉంది.

కరణాల కవిలెలు

ఊరి భూమి లెక్క, పంటలో వాటాలు, మాన్యాలు, వృత్తులవారి హక్కులు, చెరువు కింద పారకం, ఇవన్నీ కరణం తాటాకుల మీద గంటంతో రాసి కట్టగా కట్టేవాడు. ఆ లెక్కల కట్టే కవిలె. ఆకు పాతబడితే దాన్ని చూసి కొత్త ఆకు మీద తిరిగి రాయడం కరణం పనిలో భాగం. అంటే భద్రపరచడమంటే ఆ రోజుల్లో నకలు తీయడమే. పదవి వంశపారంపర్యం కాబట్టి కవిలెలు కూడా తండ్రి నుంచి కొడుక్కి అందేవి. పురుగు పట్టకుండా కట్టల మధ్య వేపాకు, వస కొమ్ము ఉంచేవారు. ఆకులకు నూనె రాసేవారు, గుడ్డలో గట్టిగా చుట్టేవారు.

ఈ పద్ధతిలో బలమూ ఉంది, బలహీనతా ఉంది. ఊరి సంగతి ఊళ్లోనే, అది తెలిసిన మనిషి చేతిలోనే ఉండేది. కానీ దస్త్రానికీ కుటుంబపు ఆస్తికీ మధ్య గీత ఉండేది కాదు. ఇల్లు కాలినా, వంశం అంతరించినా ఊరి చరిత్ర పోయేది. కొన్ని కవిలెల సారమైనా నిలిచిందంటే అందుకు 19వ శతాబ్దం మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ చేయించిన సేకరణ కారణం. ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఊళ్లూ దేవాలయాలూ తిరిగి స్థానిక వృత్తాంతాలు రాయించారు. అవే కైఫియత్తులు. మెకంజీ 1821లో మరణించాక ఆ సేకరణ చెల్లాచెదురు కాకుండా ఈస్టిండియా కంపెనీ కొన్నది. తరువాత సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న ప్రతులకు నకళ్లు రాయించాడు. ఈనాడు కడప జిల్లా కైఫియత్తులు అచ్చులో చదవగలుగుతున్నామంటే ఆ నకళ్ల చలవే.

హైదరాబాద్ దఫ్తర్లు

తెలంగాణ దస్త్రాల కథ ప్రధానంగా మొగలుల దక్కన్ పాలనతో మొదలవుతుంది. షాజహాన్, ఔరంగజేబు కాలాల్లో ఔరంగాబాద్ కేంద్రంగా నడిచిన సైనిక, రెవెన్యూ పాలన లక్షకు పైగా కాగితాలను మిగిల్చింది. తరువాత వాటిని హైదరాబాద్‌కు తరలించారు. వాటిలో ఫర్మానాలు, పర్వానాలు కొన్నే. ఎక్కువ భాగం రోజువారీ లెక్కలు. అర్జ్-ఓ-చెహ్రా అనే పత్రాన్ని చూస్తే ఆ పాలన ఎంత నిశితంగా నడిచిందో తెలుస్తుంది. కొలువులో చేరిన ప్రతి గుర్రపు రౌతు పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, నుదురు, ముఖం మీది మచ్చలు, పుట్టుమచ్చలు అందులో రాసేవారు. అతని గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర కూడా నమోదయ్యేవి. లేని రౌతు పేరు మీద జీతం తీయకుండా చూడడానికి పెట్టిన ఈ కాగితాలు ఇప్పుడు 17వ శతాబ్దపు మామూలు సైనికుడి గురించి చెప్పగల అరుదైన ఆధారాలయ్యాయి.

1724లో నిజాముల్ ముల్క్ దక్కన్‌లో స్వతంత్రంగా నిలదొక్కుకున్నాక ఈ దఫ్తరు వ్యవస్థ అసఫ్‌జాహీల చేతికి వచ్చింది. దఫ్తర్-ఎ-దివానీ, దఫ్తర్-ఎ-మాల్ అనే రెండు ప్రధాన కార్యాలయాలు రాయరాయన్, మాల్‌వాలా కుటుంబాల చేతిలో వంశపారంపర్యంగా నడిచాయి. మొదటివారు మహారాష్ట్ర బ్రాహ్మణులు, రెండోవారు కాయస్థులు. జాగీరు మంజూరైనా, ఇనాం ఇచ్చినా, మనసబు పెంచినా అది ఈ దఫ్తర్లలో నమోదు కావలసిందే. దస్త్రం ఎవరి దగ్గరుంటే అధికారం వారి దగ్గరే ఉండేది. 1853లో దివాను పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ తన సంస్కరణల్లో ఈ పట్టును సడలించి రెవెన్యూ పాలనను, దానితో పాటు కాగితాలను ప్రభుత్వ శాఖల కిందికి తెచ్చాడు. ఇంటి దస్త్రం ప్రభుత్వ దస్త్రంగా మారడానికి హైదరాబాద్‌లో అది తొలి మెట్టు.

ఆ తరువాతి మార్పులు ఈ దస్త్రాలను కాపాడిన సంస్థ వేసిన పుస్తకాల మొదటి పేజీల మీదే కనిపిస్తాయి. షాజహాన్ కాలపు పత్రాల ఎంపిక 1950లో దఫ్తర్-ఎ-దివానీ పేరుతో వెలువడింది. దక్కన్ వకాయీ పత్రాల (వార్తా నివేదికల) సంపుటం 1953లో సెంట్రల్ రికార్డ్స్ ఆఫీసు పేరుతో వచ్చింది. దక్కన్ సుల్తానుల ఫర్మానాలు, సనదుల సంపుటం 1963లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ స్టేట్ ఆర్కైవ్స్ పేరుతో వచ్చింది. ఈ పనికి నాయకత్వం వహించిన చరిత్రకారుడు యూసుఫ్ హుసేన్ ఖాన్. సంస్థ హైదరాబాద్ తార్నాకలో స్థిరపడింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ అయింది. అక్కడి పత్రాల్లో అన్నిటికన్నా పాతదిగా చెప్పేది ఫిరోజ్ షా బహమనీ కాలానికి చెందిన 1406 నాటి ఫర్మానా.

మద్రాసు రికార్డాఫీసు

మద్రాసు దారి వేరు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు వేల మైళ్ల దూరంలోని లండన్ యజమానులకు ప్రతి నిర్ణయానికీ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. అందుకే సమావేశంలో ఎవరేమన్నారో కూడా రాసిపెట్టేవారు. ఈ రాతలకు కన్సల్టేషన్లు అని పేరు. సెయింట్ జార్జి కోటలో మిగిలిన దస్త్రాలు 1670 నుంచి మొదలవుతాయి. కంపెనీ 1611లోనే అడుగుపెట్టిన మచిలీపట్నంలోనూ ఇలాంటి పుస్తకాలు నడిచాయి. 1682–83 నాటి మచిలీపట్నం కన్సల్టేషన్ పుస్తకాన్ని మద్రాసు రికార్డాఫీసు 1916లో అచ్చువేసింది. బట్టల వ్యాపారులతో బేరాలు, నాణ్యం మీద తగవులు, గోల్కొండ అధికారులతో వ్యవహారాలు ఆ కాగితాల నుంచి తెలుస్తాయి.

శాఖకొక గదిలో పడి ఉన్న కాగితాలను ఒక చోటికి చేర్చాలని 1805లో గవర్నరు విలియం బెంటింక్ సంకల్పించాడు. కోటలోని సచివాలయంలో వాటికి చోటు కేటాయించాడు. 1860 ప్రాంతంలో ప్రెసిడెన్సీ కాలేజీ ఆచార్యుడు టాల్బాయిస్ వీలర్‌ను పాత దస్త్రాల పరిశీలనకు నియమించారు. ఆయన 1861లో మద్రాసు రికార్డుల కరదీపిక ప్రచురించాడు. కాగితాలు ఎక్కడున్నాయో చెప్పే జాబితా దస్త్రాలంత ముఖ్యమని అప్పటికి గ్రహించారన్నమాట. కోటలో చోటు చాలక ఎగ్మూరులో ఎర్ర ఇటుకలతో ప్రత్యేక భవనం కట్టి 1909లో రికార్డాఫీసును అక్కడికి మార్చారు. తరువాత క్యూరేటరుగా వచ్చిన హెన్రీ డాడ్‌వెల్ జాబితాలు, ముద్రిత సంపుటాల పనికి గట్టి పునాది వేశాడు. ఈ కార్యాలయమే నేటి తమిళనాడు ఆర్కైవ్స్.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు దస్త్రాల పంపకం ప్రశ్న వచ్చింది. విడిగా ఉన్న జిల్లా కాగితాలను పంచవచ్చు. కానీ రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ వంటి సంపుటాల్లో ఒక పుటలో గంజాం ఉంటే మరో పుటలో తంజావూరు ఉంటుంది. అలాంటి సంపుటాన్ని చీల్చితే రెండు ముక్కలూ పనికిరావు. అందుకే కోస్తా, సీమ చరిత్ర రాయాలంటే ఈనాటికీ హైదరాబాద్‌తో పాటు ఎగ్మూరు మెట్లు కూడా ఎక్కాలి.

కలకత్తా నుంచి ఢిల్లీకి

జాతీయ స్థాయిలో ఈ ఆలోచన చోటు చాలని బాధలోంచి పుట్టింది. 1860లో కలకత్తాలో సివిల్ ఆడిటరుగా ఉన్న శాండిమన్, పనికిరాని కాగితాలను తీసేసి విలువైనవాటిని ఒకే పెద్ద కేంద్ర భాండారానికి చేర్చాలని సూచించాడు. తరువాత రికార్డుల కమిటీ ఏర్పడింది. మూడు దశాబ్దాలకు, 1891 మార్చి 11న, కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ ప్రారంభమైంది. బొంబాయి దస్త్రాల మీద పనిచేసి పేరు తెచ్చుకున్న జి.డబ్ల్యు. ఫారెస్ట్ దానికి తొలి అధికారి.

1911లో రాజధాని మార్పు ప్రకటన తరువాత ఢిల్లీలో లుట్యెన్స్ రూపొందించిన భవనం 1926లో సిద్ధమైంది. దస్త్రాల తరలింపు 1937 నాటికి పూర్తయింది. 1939లో బాధ్యత తీసుకున్న చరిత్రకారుడు సురేంద్రనాథ్ సేన్ కాలంలో పరిశోధకులకు దస్త్రాలు విస్తృతంగా అందుబాటులోకి వచ్చాయి. శాస్త్రీయ భద్రత, శిక్షణ బలపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే సంస్థ పేరు నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియాగా మారింది. హైదరాబాద్ రెసిడెన్సీ కాగితాలు అక్కడే ఉన్నాయి. దక్కన్‌కు చెందిన లక్షకు పైగా మొగలు పత్రాల ఇనాయత్ జంగ్ సేకరణ కూడా అక్కడే ఉంది. నిజాం చరిత్ర రాసేవారికి తార్నాక ఒక కన్ను, ఢిల్లీ మరో కన్ను.

ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి

పుట్టిన ప్రతి కాగితాన్నీ ఉంచడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఉంచినా, ఆ కుప్పలో విలువైనది దొరకదు. కాబట్టి ఎంపికే భద్రతకు మొదటి అడుగు. తెలుగు జిల్లాల కలెక్టరేట్లలో ఈ ఎంపిక ఫైలు ముగిసిన రోజే జరుగుతుంది. మద్రాసు కాలంలో టాటెన్‌హామ్ రూపొందించిన కార్యాలయ పద్ధతి ప్రకారం గుమాస్తా ముగిసిన ఫైలు మీద ఒక గుర్తు వేస్తాడు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసింది. డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఒక ఏడాది. ఆ చిన్న గుర్తు కాగితం ఆయుష్షును నిర్ణయిస్తుంది. తొందరపాటుతో వేసిన ఎల్.డిస్. ఒక ఊరి ఆధారాన్ని ఏడాదిలో మాయం చేయగలదు.

కేంద్ర ప్రభుత్వ దస్త్రాలకు 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఒక కట్టడి తెచ్చింది. దాని నియమాలు 1997లో వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్రపాలిత ప్రాంతాలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు దాని పరిధిలోకి వస్తాయి. ప్రతి కార్యాలయంలో ఒక రికార్డు అధికారి ఉండాలి. నియమం ప్రకారం తప్ప ఏ దస్త్రాన్నీ ధ్వంసం చేయకూడదు. 1892కు ముందు పుట్టిన కాగితాన్నైతే, ఇక ఏ విధంగానూ వాడుకోలేనంతగా పాడైతే తప్ప తీసేయడానికి వీల్లేదు. అనుమతి లేకుండా దేశం దాటించినా, నియమం తప్పి నాశనం చేసినా ఐదేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం దీనికి మరో బలం. రికార్డులన్నిటినీ జాబితాలు, సూచికలతో సక్రమంగా నిర్వహించడం ప్రతి ప్రభుత్వ సంస్థ విధి అని ఆ చట్టంలోని 4వ సెక్షను చెబుతుంది.

వరుసే ప్రాణం

ఆర్కైవ్స్‌కు చేరిన దస్త్రాలను విషయం వారీగా విడదీయరు. ఏ కార్యాలయంలో పుట్టాయో ఆ కార్యాలయం పేరు కిందే, ఆ కార్యాలయం పెట్టుకున్న వరుసలోనే ఉంచుతారు. మొదటిసారి చూసినవారికి ఇది అసౌకర్యంగా తోస్తుంది. చెరువుల కాగితాలన్నీ ఒక చోట, దేవాలయాలవి మరో చోట పెడితే సులువు కదా అనిపిస్తుంది. కానీ ఒక ఉత్తరానికి అర్థం దాని ముందూ వెనుకా ఉన్న ఉత్తరాల వల్ల వస్తుంది. కలెక్టరు ఎందుకు అలా రాశాడో తెలియాలంటే తహసీల్దారు పంపిన నివేదిక పక్కనే ఉండాలి. రైతుల అర్జీ దాని కింద ఉండాలి, బోర్డు జవాబు దాని పైన ఉండాలి. వరుస చెడితే కాగితం ఉంటుంది గాని సాక్ష్యం పోతుంది.

విషయం వారీగా వెదకడానికి సూచికలు వేరే తయారుచేస్తారు. సంపుటం, ప్రొసీడింగ్ సంఖ్య, తేదీ, క్లుప్తంగా సంగతి ఉన్న ఈ సూచికలే పరిశోధకుడికి దారి చూపేవి. హైదరాబాద్ కాగితాల్లో తేదీ చదవడమే ఒక విద్య. హిజ్రీ, ఫసలీ, పాలకుడి పట్టాభిషేక వర్షం పక్కపక్కనే కనిపిస్తాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది.

కాగితానికి శత్రువులు

కాగితం నాలుగు వైపుల నుంచి పాడవుతుంది. మొదటిది గాలిలో తేమ. వేడి, తేమ కలిస్తే బూజు పడుతుంది. తేమ బొత్తిగా లేకపోతే కాగితం పెళుసెక్కుతుంది. అందుకే దస్త్రాల గదిలో 22 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 45 నుంచి 55 శాతం తేమ ఉండాలని నేషనల్ ఆర్కైవ్స్ నిర్దేశిస్తుంది. కోస్తా ఊళ్లలో ఎండాకాలంలో ఈ లెక్క నిలబెట్టాలంటే రాత్రింబవళ్లు ఏసీ నడవాలి. పగలు నడిపి రాత్రి ఆపితే వచ్చే హెచ్చుతగ్గులు అసలు ఏసీ లేకపోవడం కన్నా ఎక్కువ హాని చేస్తాయి.

రెండో శత్రువు పురుగు. చెదలు గోడ వెంబడి, నేల వెంబడి వస్తాయి. అందుకే ఇనుప రాకులను గోడకూ నేలకూ ఆరేసి అంగుళాలు ఎడంగా నిలబెడతారు. వెండిపురుగు జిగురు, గంజి ఉన్న చోటును గీరి తింటుంది. పుస్తకపురుగు అట్ట నుంచి అట్టకు తొలుచుకుంటూ పోతుంది.

మూడో శత్రువు కాగితంలోనే ఉంటుంది. 19వ శతాబ్దం మధ్య దాకా కాగితాన్ని పాత గుడ్డపీలికలు, నార నానబెట్టి చేతితో తయారుచేసేవారు. దౌలతాబాద్ దగ్గరి కాగజీపురా అలాంటి కాగితానికి ప్రసిద్ధి. పొడవాటి పోగులున్న ఆ కాగితం శతాబ్దాలు నిలుస్తుంది. తరువాత వచ్చిన యంత్రపు కాగితాన్ని చెక్క గుజ్జుతో చేసి పటికతో గట్టిపరిచారు. అందులోంచి పుట్టే ఆమ్లం కాగితాన్ని లోపలి నుంచే కాలుస్తుంది. అందుకే 1680 నాటి ఫార్సీ పత్రం మడత విప్పినా చెక్కుచెదరకపోగా, 1940ల నాటి ఫైలు చేయి తగిలితే పొడి అవుతుంది. దస్త్రాల గదిలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి పాతవి కావు, నిన్నటి తరానివి.

నాలుగోది సిరా. ఫార్సీ లేఖకులు ఎక్కువగా వాడిన మసి సిరాకు రంగు వెలవదు, కాగితాన్ని తినదు. కానీ నీళ్లు తగిలితే కరిగిపోతుంది. కంపెనీ గుమాస్తాలు వాడింది మాచికాయ కషాయంలో అన్నభేది కలిపిన సిరా. అది నీటికి సులభంగా చెదరదు గాని, ఏళ్లు గడిచేకొద్దీ అక్షరం ఉన్న చోటే కాగితాన్ని తినేసి చిల్లు పెడుతుంది.

మరమ్మతు

కొత్తగా వచ్చిన దస్త్రం నేరుగా రాకులోకి పోదు. ముందు దుమ్ము దులుపుతారు. తరువాత గాలి చొరని పెట్టెలో పొగ పట్టిస్తారు. బూజుకు థైమాల్, పురుగుకు పారాడైక్లోరోబెంజీన్ వాడుతూ వచ్చారు. థైమాల్ మన వాములో ఉండేదే. అడుగున చిన్న బల్బు వేడికి అది ఆవిరై కాగితాల మధ్యకు చేరుతుంది. వారం పది రోజులు ఇలా ఉంచాక దస్త్రాలు బయటికి వస్తాయి. ఈ రసాయనాలు మనుషుల ఆరోగ్యానికి మంచివి కావని తేలాక, ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపడం, గడ్డకట్టే చలిలో ఉంచడం వంటి పద్ధతులు ప్రపంచమంతటా ముందుకు వచ్చాయి.

ఆమ్లం తగ్గించడానికి కాగితాన్ని సున్నపు తేటలోనూ, ఆపైన కాల్షియం బైకార్బొనేట్ ద్రావణంలోనూ ముంచి ఆరబెడతారు. తడిస్తే సిరా కరిగే పత్రాలకు అమ్మోనియా ఆవిరి పట్టిస్తారు. చిరిగిన కాగితానికి రెండు వైపులా పలచని టిష్యూ కాగితమో షిఫాన్ వలో అతికిస్తారు. అతికించే డెక్స్‌ట్రిన్ గంజిలో పురుగు రాకుండా లవంగ నూనె కలుపుతారు. అమెరికాలో విలియం బారో యంత్రంతో చేసే లామినేషన్ పద్ధతి తెచ్చాక, అంత ఖరీదైన యంత్రం లేని చోట్ల కూడా పని జరిగేలా నేషనల్ ఆర్కైవ్స్‌లో 1950లలో ఒక కొత్త పద్ధతి రూపొందింది. సెల్యులోజ్ అసిటేట్ పొర, టిష్యూ పరచి, అసిటోన్‌లో ముంచిన దూదితో అద్దితే పొర కరిగి కాగితానికి అంటుకుపోతుంది. యంత్రం అక్కర్లేని ఈ లామినేషన్‌కు ఇతర దేశాల్లో భారతీయ పద్ధతి అని పేరు వచ్చింది.

అయితే నేటి నిపుణులు ప్లాస్టిక్ పొరల పట్ల జాగ్రత్తగా ఉంటున్నారు. వేసిన మరమ్మతును అవసరమైతే కాగితానికి హాని లేకుండా విప్పగలగాలి అన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న సూత్రం. అందుకే గంజి, పలచని టిష్యూ మళ్లీ ముందుకు వచ్చాయి. ఈ పని యంత్రానికి లొంగేది కాదు. ఒక్కొక్క కాగితాన్నీ చేత్తో తడిపి, పరచి, అతికించి, ఆరబెట్టాలి. నేర్పుగల మనిషి రోజంతా కూర్చుంటే కొన్ని పుటలే పూర్తవుతాయి.

ఫిల్ము, స్కానరు

నకలు తీసి మూలాన్ని విశ్రాంతిగా ఉంచడం పాత కరణాలకు తెలిసిన పద్ధతే. 20వ శతాబ్దంలో మైక్రోఫిల్ము ఆ పని చేసింది. చల్లని పొడి గదిలో ఉంచిన మంచి ఫిల్ము వందల ఏళ్లు నిలుస్తుంది. చదవడానికి భూతద్దం, వెలుతురు ఉంటే చాలు. ఇప్పుడు ఆ స్థానంలోకి స్కానింగ్ వచ్చింది. నేషనల్ ఆర్కైవ్స్ 2015లో అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటు తెరిచి సూచికలను, స్కాన్ చేసిన దస్త్రాలను ఇంటి నుంచే చూసే వీలు కల్పించింది. తెలంగాణ ఆర్కైవ్స్ తన ఫార్సీ పత్రాల మరమ్మతుకు, డిజిటైజేషన్‌కు ఢిల్లీలోని నూర్ మైక్రోఫిల్మ్ కేంద్రంతో 2022లో ఒప్పందం చేసుకుంది.

స్కాన్ అయిపోతే మూలంతో పని లేదనుకోవడం పొరపాటు. కాగితం మీది ముద్ర, నీటి గుర్తు, మడత, సిరా తేడా, వెనుక వైపు గుమాస్తా వేసిన సంతకం, ఇవే నకిలీ దస్తావేజును పట్టిస్తాయి. పైగా డిజిటల్ ప్రతికి కాగితం కన్నా ఎక్కువ కాపలా కావాలి. డిస్కు పాడవుతుంది, ఫైలు ఫార్మాటు మారుతుంది, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ పోతుంది. కొన్నేళ్లకొకసారి కొత్త మాధ్యమంలోకి మార్చకపోతే కాగితం ఉన్నంత కాలం కూడా అది ఉండదు.

దస్త్రం చేసే మేలు

ఆర్కైవ్స్ మెట్లు ఎక్కేవారందరూ చరిత్రకారులు కారు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఏర్పాటుచేసిన ఇనాం కమిషన్ ప్రతి ఇనాం భూమినీ విచారించి నమోదు చేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు కోస్తా, సీమ జిల్లాల్లో దేవుడి మాన్యం తగాదా వచ్చిన ప్రతిసారీ కోర్టు ముందుకు వస్తాయి. భూమి ఎంత, ఎవరిచ్చారు, ఏ సేవకు ఇచ్చారు, టైటిల్ డీడ్ సంఖ్య ఎంత అన్నవి అందులో ఉంటాయి. సర్వే నంబరు వెంబడి వివరాలిచ్చే డైగ్లాట్ రిజిస్టరుదీ ఇదే స్థానం. తెలంగాణలో ఆ గౌరవం భూమి దస్త్రాలైన సేత్వార్‌కు, ముంతకబ్‌కు, 1954–55 ఖాస్రా పహాణీకి ఉంది. ఒక కుటుంబానికి భూమి దక్కడం, దక్కకపోవడం ఆ పాత పుటలో ఉన్న ఒక్క వరుస మీద ఆధారపడిన సందర్భాలు ఎన్నో.

చరిత్ర రచనకు ఇవే పునాది. మామిడిపూడి వెంకటరంగయ్య సంపాదకత్వంలో 1965 నుంచి నాలుగు సంపుటాలుగా వెలువడిన ఆంధ్ర స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ప్రభుత్వ దస్త్రాల నుంచి తీసిన పత్రాలు వందల పుటలు ఉన్నాయి. 1922–24 నాటి మన్యం తిరుగుబాటు గురించి పోలీసు, రెవెన్యూ అధికారులు రాసుకున్న రహస్య నివేదికలే ఈనాడు అల్లూరి సీతారామరాజు కదలికలను తేదీలతో సహా చెప్పగలుగుతున్నాయి. పాలకులు తమ కోసం రాసుకున్న కాగితం చివరికి పాలితుల చరిత్రకు సాక్ష్యమైంది.

చదివే మనిషి

కాగితం చెదలకు చిక్కకుండా ఉన్నా, వరుస చెడకపోయినా, దాన్ని చదవగలిగేవారు లేకపోతే అది మూగ కాగితమే. హైదరాబాద్ పాలనలో 1880ల దాకా ఫార్సీ, తరువాత ఉర్దూ అధికార భాషలు. ఫార్సీ దస్త్రాల్లో ఎక్కువ భాగం షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటుంది. లెక్కలను సియాఖ్ అనే ప్రత్యేక అంకెల్లో వేశారు. మరాఠీ కాగితాలు మోడీ లిపిలో ఉన్నాయి. ఈ రాతలు చదవగలిగేవారు ఒక తరంలోనే బాగా తగ్గిపోయారు. తెలంగాణ గ్రామాల మూడు వందల ఏళ్ల లెక్కలు ఈ లిపుల్లో ఉన్నాయి. వాటిని చదివి తెలుగులో చెప్పగల యువకులు తయారు కాకపోతే మన ఊళ్ల చరిత్ర మన కళ్ల ముందే ఉండి మనకు అందదు.

కాబట్టి దస్త్రాల భద్రతంటే ఏసీ గదులు, స్కానర్లు మాత్రమే కాదు. ఫైలు మీద సరైన గుర్తు వేసే గుమాస్తా, పుటను అతికించే మరమ్మతుకారుడు, సూచిక రాసే ఆర్కైవిస్టు, షికస్తా, మోడీ చదివే పండితుడు, ఈ నలుగురి ఉద్యోగాలూ ఖాళీ లేకుండా ఉండాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఈ లిపులను పాఠ్యాంశాలుగా నేర్పాలి. జిల్లా కలెక్టరేట్ల రికార్డు గదుల్లో పడి ఉన్న పాత సంపుటాలు వర్షాలకు ముందే ఆర్కైవ్స్‌కు చేరాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పోయిన దస్త్రాన్ని మాత్రం ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాయించలేము.